గిటార్ యాంపు ల్యాప్‌టాప్‌లోకి వచ్చాక: సాఫ్ట్‌వేర్ ఎంపికలో అసలు లెక్కలు

క్లుప్తంగా

గిటార్ యాంపు, ఎఫెక్ట్స్ పెడళ్లు చేసే పనిని కంప్యూటర్‌లోనే చేసే ప్రోగ్రాములు ఇప్పుడు డజన్ల కొద్దీ దొరుకుతున్నాయి. వాటిలో మంచివాటి మధ్య తేడా కొనేవాళ్లు అనుకునేంత లేదు. గిటార్ వైరు ఏ సాకెట్లోకి వెళ్తోంది, డ్రైవర్ (ధ్వని పరికరాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాము) ఎంత ఆలస్యం చేస్తోంది, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) దశలో ఏముంది, చివరకు శబ్దం ఏ స్పీకర్‌లోంచి బయటికొస్తోంది అన్నవి తేలాకే సాఫ్ట్‌వేర్ పేరుకు విలువ. ఉచితంగా దొరికేవాటితో మొదలుపెట్టి, లోటు ఫలానా చోట ఉందని తెలిశాక డబ్బు పెడితే ఖర్చు తగ్గుతుంది.

గందరగోళం ఎందుకు

తిరుపతిలో ఎలక్ట్రిక్ గిటార్ వాడకం ముఖ్యంగా మూడు చోట్ల కనిపిస్తుంది. హాస్టల్ గదుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించే విద్యార్థులు ఒక వర్గం. పెళ్లిళ్లలో, చర్చిల్లో, మే నెల గంగమ్మ జాతర వేదికల మీద మైక్‌సెట్టులోకి వైరు కలిపి వాయించే ఆర్కెస్ట్రా వాళ్లు ఇంకో వర్గం. ఇంట్లోనే పాట రికార్డు చేసి నెట్‌లో పెట్టేవాళ్లు మూడో వర్గం. 50 వాట్ల ట్యూబ్ యాంపు తన అసలు రంగు చూపాలంటే పవర్ ట్యూబుల మీద బరువు పడేదాకా వాల్యూమ్ పెంచాలి. బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో గోడకు గోడ ఆనుకున్న ఇంట్లో అది అయ్యే పని కాదు. అందుకే ముగ్గురూ సాఫ్ట్‌వేర్ వైపు చూస్తారు. ముగ్గురి అవసరాలూ వేరు, ప్రకటన మాత్రం అందరికీ ఒకటే: ఇన్ని యాంపులు, ఇన్ని పెడళ్లు, ఇన్ని ప్రీసెట్లు (ముందే కూర్చి దాచిన సెట్టింగులు).

యాంపు లేకుండా యాంపు నాదం తెప్పించే ప్రయత్నం పాతదే. 1989లో వచ్చిన సాన్స్‌యాంప్ పూర్తిగా అనలాగ్ పెట్టె. లైన్ 6 సంస్థ 1996లో యాక్సిస్ 212 అనే డిజిటల్ మోడలింగ్ యాంపును, 1998లో కిడ్నీ గింజ ఆకారంలో ఉండే పాడ్‌ను తెచ్చింది. 2002లో ఇటలీకి చెందిన ఐకే మల్టీమీడియా యాంప్లిట్యూబ్‌ను, 2004లో బెర్లిన్‌లోని నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ గిటార్ రిగ్‌ను విడుదల చేశాయి. ఆ తర్వాత హీలిక్స్ నేటివ్, బయాస్ ఎఫ్‌ఎక్స్, టీహెచ్-యూ, హెల్సింకీలోని న్యూరల్ డీఎస్‌పీ వారి ఆర్కిటైప్ వరస వచ్చాయి. పైసా ఖర్చు లేని న్యూరల్ యాంప్ మోడలర్ కూడా ఆ జాబితాలో చేరింది. పేర్లు ఇన్ని ఉన్నా లోపలి పద్ధతులు రెండే.

సర్క్యూట్ లెక్క, క్యాప్చర్

మొదటి పద్ధతిలో యాంపు లోపలి రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్యూబుల ప్రవర్తనను సమీకరణాలుగా రాసి, వచ్చే ప్రతి శాంపిల్‌కీ (ధ్వనిని సెకనుకు వేలసార్లు కొలిచినప్పటి ఒక్కో కొలతకు) లెక్క కడతారు. దీని బలం నాబ్‌లలో ఉంది. నిజమైన యాంపులో బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ట్రెబుల్ పెంచితే మిడ్ ప్రభావం మారుతుంది. సర్క్యూట్ లెక్క సరిగా రాస్తే ఆ ముడి కూడా దానితోపాటు వస్తుంది.

రెండో పద్ధతి క్యాప్చర్. యాంపులోకి ఒక పరీక్ష సిగ్నల్ పంపి, బయటికొచ్చినదాన్ని రికార్డు చేసి, ఈ రెంటి మధ్య సంబంధాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పిస్తారు. యాంపు లోపల ఏముందో ప్రోగ్రాముకు తెలియనక్కర్లేదు. 2011లో కెంపర్ ప్రొఫైలర్ ఇలా యాంపు ముద్ర తీసుకునే ఆలోచనను తనదైన పద్ధతిలో జనంలోకి తెచ్చింది. 2022లో వచ్చిన టోనెక్స్, స్టీవెన్ అట్కిన్సన్ రాసిన ఓపెన్ సోర్స్ న్యూరల్ యాంప్ మోడలర్ దాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌లతో మామూలు ల్యాప్‌టాప్‌కు దించాయి. చివరిదాన్ని వాడేవాళ్లు ‘నామ్’ అంటారు. ఎవరో తమ యాంపును క్యాప్చర్ చేసి పంచుకున్న ఫైల్ దించుకుని అందులో తెరిస్తే చాలు.

క్యాప్చర్ ఆ ఒక్క సెట్టింగ్‌కు దాదాపు తేడా పట్టలేనంత దగ్గరగా ఉంటుంది. కానీ ఫొటోలో మనిషిని పక్కకు తిరగమంటే తిరగడు. గెయిన్ (యాంపు సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) 6 మీద తీసిన ముద్రలో గెయిన్‌ను 3కి దించడం కుదరదు. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే నాబ్ చాలాసార్లు ముందో వెనకో కలిపిన మామూలు ఈక్వలైజర్ మాత్రమే. డిలే, రివర్బ్, కోరస్ లాంటి కాలంతో మారే ఎఫెక్ట్స్ అసలు ఈ పద్ధతికి చిక్కవు. పాతకాలపు ఫజ్ పెడల్‌కు ఇంకో చిక్కు ఉంది. గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు అది మెత్తబడే తీరు పికప్‌కూ (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) పెడల్‌కూ మధ్య ఉండే విద్యుత్ సంబంధం వల్ల వస్తుంది. క్యాప్చర్‌లో ఆ సంబంధం సరిగా దొరకదు.

కాబట్టి ఒకే ఒక మంచి నాదం చాలు అనుకునేవారికి క్యాప్చర్, నాబ్‌లు తిప్పి వెతుక్కునేవారికి సర్క్యూట్ మోడల్ నప్పుతాయి. రెండింటినీ కలిపి అమ్మే ప్యాకేజీలు కూడా ఉన్నాయి, వాటిలో ఎఫెక్ట్స్ విభాగం కోసమే డబ్బు పెట్టడం తరచూ న్యాయంగానే ఉంటుంది.

డిజిటల్ డిస్టార్షన్‌లో (నాదాన్ని కావాలని గరుకు చేయడంలో) మాత్రం సాఫ్ట్‌వేర్ నాణ్యత నిజంగా బయటపడే చోటు ఒకటుంది. సన్నతీగ మీద 24వ ఫ్రెట్‌లో పలికే స్వరం సుమారు 1318 హెర్ట్జ్. డిస్టార్షన్ దానికి గుణిజాలను పుట్టిస్తుంది. ఇరవయ్యోది 26,370 హెర్ట్జ్ దగ్గర పడాలి. సెకనుకు 44,100 శాంపిళ్లతో నడిచే వ్యవస్థలో 22,050కి పైన చోటు లేదు గనక అది మడతపడి 17,730 హెర్ట్జ్‌గా తిరిగొస్తుంది. వాయించిన స్వరానికి అది గుణిజం కాదు. ఇలాంటివి పదులకొద్దీ చేరితే పై స్వరాల్లో గాజుపెంకు గీసినట్టు గరగర వినిపిస్తుంది. దీన్ని ఏలియాసింగ్ అంటారు. ఓవర్‌శాంప్లింగ్ అనే మీట నొక్కితే లోపల లెక్క రెండు, నాలుగు, ఎనిమిది రెట్ల వేగంతో జరిగి ఈ మడత తగ్గుతుంది, ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది. ఎక్కువ గెయిన్‌లో పై ఫ్రెట్లలో తీగను మెల్లగా బెండ్ చేసినప్పుడు, స్వరం పైకి పోతుంటే వెనక ఏదో కిందికి జారుతున్నట్టు వినిపిస్తే అది ఏలియాసింగే.

క్యాబినెట్: అందరూ చివర చూసేది

గిటార్ స్పీకర్ హైఫై స్పీకర్ కాదు. 12 అంగుళాల గిటార్ స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటాక నిటారుగా పడిపోతుంది. యాంపు పుట్టించే డిస్టార్షన్‌లో చెవికి గుచ్చుకునే భాగాన్ని వడకట్టేది అదే. యాంపు సిమ్యులేషన్ పెట్టి క్యాబినెట్ ఆపేస్తే డబ్బాలో ఈగల గుంపు మోగినట్టుంటుంది. ‘ఈ సాఫ్ట్‌వేర్ బాగోలేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

క్యాబినెట్‌ను సాఫ్ట్‌వేర్‌లో చూపించే సాధనం ఇంపల్స్ రెస్పాన్స్, క్లుప్తంగా ఐఆర్. ఫలానా స్పీకర్, ఫలానా మైకు, ఫలానా దూరం కలిపి తీసిన చిన్న ధ్వని ఫైల్ అది. మైకును కోన్ మధ్య నుంచి అంచు వైపు జరిపితేనే నాదం పదునైనదల్లా మెత్తబడుతుంది. యాంపు మోడల్ మార్చినప్పటి కంటే ఐఆర్ మార్చినప్పుడు వచ్చే తేడా చాలాసార్లు పెద్దది. సెలెస్టియన్ విన్టేజ్ 30, గ్రీన్‌బ్యాక్ రకాల ఐఆర్‌లు ఉచితంగానూ, డబ్బులకూ దొరుకుతాయి. అందువల్ల సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: బయటి ఐఆర్ ఫైళ్లను ఇది తీసుకుంటుందా? తీసుకోకపోతే, యాంపు ఎంత గొప్పదైనా, దాని కంపెనీ ఇచ్చిన డబ్బాల్లోనే బతకాలి. ఇగ్నైట్ యాంప్స్ వారి నాడిర్ లాంటి ఉచిత ఐఆర్ లోడర్‌ను విడిగా కలుపుకుని ఈ లోటు పూడ్చుకోవచ్చు.

ఆలస్యం లెక్క

ధ్వని కంప్యూటర్‌లోకి చిన్నచిన్న గుత్తులుగా వెళ్తుంది. ఆ గుత్తి పరిమాణమే బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్ల దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిపి 5.3. కన్వర్టర్లు, యూఎస్‌బీ, డ్రైవర్ తమ వంతు కలుపుకుంటే 8 నుంచి 10 దాకా వస్తుంది. శబ్దం గాల్లో సుమారు మూడున్నర మీటర్లు నడవడానికి పట్టే సమయం అది. వేదిక మీద యాంపుకు అంత దూరంలో నిలబడి వాయించడం ఎవరికీ కొత్త కాదు. బఫర్ 1024కు పెంచితే బఫర్ల వాటా ఒక్కటే 43 మిల్లీసెకన్లు. అప్పుడు చెయ్యి ఒక చోట, పాట ఒక చోట.

విండోస్ మామూలు డ్రైవర్‌తో ఈ ఆలస్యం ఇంకా ఎక్కువ. స్టైన్‌బర్గ్ 1997లో తెచ్చిన ఏసియో డ్రైవర్ విండోస్ మధ్యవర్తిత్వాన్ని తప్పించి ఈ చిక్కు తీరుస్తుంది. ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) తయారీదారు సొంతంగా రాసిన ఏసియో డ్రైవర్ ఉందా లేదా అన్నది కొనేటప్పుడు చూడాల్సిన పెద్ద విషయం. ఏసియోఫర్ఆల్ ఉచితమే, పని నడుపుతుంది, అయితే అది విండోస్ డ్రైవర్‌ మీద వేసుకున్న తొడుగు మాత్రమే. మ్యాక్‌లో కోర్ ఆడియో ముందే ఉంటుంది కాబట్టి ఈ తలనొప్పి తక్కువ. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పాట వినడానికి బాగుంటాయి, వాయించడానికి పనికిరావు. వాటి ఆలస్యం మామూలుగా వంద మిల్లీసెకన్లు దాటుతుంది.

బఫర్ తగ్గించే కొద్దీ ప్రాసెసర్‌కు గడువు తగ్గుతుంది. గడువులోగా లెక్క పూర్తి కాకపోతే టపటప శబ్దాలు వస్తాయి. ఇక్కడ ఊరి వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ తన వేడి తట్టుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఉదయం హాయిగా నడిచిన ప్రీసెట్ సాయంత్రం చిటపటలాడితే సాఫ్ట్‌వేర్‌ను తిట్టేముందు ఫ్యాన్ గాలి చూడాలి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు పవర్ సేవింగ్ ఆన్ అయి అదే పని చేస్తుంది. నామ్‌లో స్టాండర్డ్ కంటే తేలికైన లైట్, ఫెదర్, నానో మోడళ్లు ఉండటం పాత ల్యాప్‌టాప్‌లకు ఊరట.

సాకెట్ దగ్గర పోయేది

గిటార్ పికప్ అంటే వేల చుట్లు చుట్టిన రాగితీగ. ఉదాహరణకు రెండున్నర హెన్రీల ఇండక్టెన్స్ ఉన్న సింగిల్ కాయిల్ పికప్ 4 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 63 కిలో ఓమ్‌ల అడ్డంకి పెడుతుంది. దాన్ని 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌లో దూరిస్తే ఆ పై శ్రుతుల్లో ఆరో వంతు మాత్రమే లోపలికి వెళ్తుంది. తీగ మీద పిక్ తగిలిన ‘టక్కు’ అక్కడే పోతుంది. ఒకసారి పోయింది ఏ ప్లగిన్ (రికార్డింగ్ ప్రోగ్రాములో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) వల్లా తిరిగి రాదు. ల్యాప్‌టాప్ మైక్ సాకెట్‌లోకి మార్పిడి వైరు పెట్టి వాయించినప్పుడు నాదం దుప్పటి కప్పినట్టు ఉండటానికి కారణం ఇదే. ఇంటర్‌ఫేస్ మీద ‘ఇన్‌స్ట్రుమెంట్’ లేదా ‘హై-జెడ్’ అని రాసి ఉన్న ఇన్‌పుట్ సుమారు పది లక్షల ఓమ్‌లు చూపుతుంది. ఆ మీట నొక్కారా లేదా అన్నది వేలరూపాయల ప్లగిన్ కంటే ముందు చూసుకోవాలి.

తర్వాతిది హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత. మన కరెంటు 50 హెర్ట్జ్ మీద నడుస్తుంది. సింగిల్ కాయిల్ పికప్ దాన్నీ దాని గుణిజాలనూ పట్టేస్తుంది, ఎక్కువ గెయిన్ వాటిని వందల రెట్లు చేస్తుంది. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద వాయిస్తే గోల తగ్గితే లోపం అడాప్టర్ వైపు ఉన్నట్టు. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గితే ఎర్తింగ్ వైపు చూడాలి. కొందరు హమ్ పోవడానికి ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేస్తారు. ఎర్త్ లేని వ్యవస్థలో గిటార్ తీగలు పట్టుకుని మైకుకు పెదవి తాకిస్తే షాక్ కొట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పని చేయకూడదు.

మైక్‌సెట్టులోకి వెళ్లినప్పుడు

ఆర్కెస్ట్రా గిటారిస్టుకు వేదిక మీద యాంపు ఉండదు. పెడల్ నుంచి నేరుగా మిక్సర్, అక్కడి నుంచి హారన్ ట్వీటర్లున్న పెద్ద డబ్బాలు. గిటార్ స్పీకర్ వడకట్టాల్సినదంతా ఆ ట్వీటర్లు ఇంకా గట్టిగా వినిపిస్తాయి. జాతరలో గిటార్ సోలో రాగానే జనం చెవులు మూసుకుంటే తప్పు వాయించేవాడిది కాకపోవచ్చు, క్యాబినెట్ సిమ్యులేషన్ లేకపోవడం కారణం కావచ్చు. అయితే గిటార్ యాంపులోకే వెళ్లేటప్పుడు అదే క్యాబినెట్ దశను ఆపాలి. లేకపోతే రెండు స్పీకర్ల మీదుగా వడపోసి బొంగురు నాదం వస్తుంది.

ఇంట్లో తయారుచేసిన ప్రీసెట్ వేదిక మీద పాడైపోవడానికి ఇంకో కారణం చెవి. ఫ్లెచర్, మన్‌సన్ అనే పరిశోధకులు 1933లో చూపించినట్టు, తక్కువ శబ్దంలో చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. రాత్రి పదకొండుకు హెడ్‌ఫోన్స్‌లో మెల్లగా వింటూ ఆ రెంటినీ పెంచి, మిడ్ తగ్గించిన నాదం ఎంతో నిండుగా అనిపిస్తుంది. అదే ప్రీసెట్ జాతర సౌండ్‌లో బేస్ డబ్బాలు కొట్టి, పైన గుచ్చుకుని, మధ్యలో గిటార్ మాయమవుతుంది. పాటలో గిటార్ నిలబడేది మిడ్ శ్రుతుల మీదనే. పైగా మైక్‌సెట్టు చాలాచోట్ల మోనో. ఎడమ నుంచి కుడికి దూకే డిలేలు, స్టీరియో కోరస్‌లు అక్కడ కలిసిపోయి పలచబడతాయి. వేదికకు ప్రీసెట్ తయారుచేసేవాళ్లు దాన్ని మోనోలో, పెద్ద శబ్దంలో, డ్రమ్స్ ట్రాక్ వేసుకుని ఒకసారి వినడం అవసరం.

ల్యాప్‌టాప్‌నే వేదికకు తీసుకెళ్లడం సాధ్యమే, మంచిది మాత్రం కాదు. వేడి, దుమ్ము, జనరేటర్ మార్పిడి, నోటిఫికేషన్ మోత, సరిగ్గా సోలోలో మొదలయ్యే అప్‌డేట్: ఇన్ని చోట్ల తెగే అవకాశముంది. ఇంట్లో సాఫ్ట్‌వేర్, వేదిక మీద అదే కుటుంబానికి చెందిన ఫ్లోర్ పెడల్ అన్న అమరిక మెరుగు. హీలిక్స్ నేటివ్‌లో చేసిన ప్రీసెట్లు హీలిక్స్ పెట్టెలోకి వెళ్తాయి. టోనెక్స్‌కు సొంత పెడల్ ఉంది. వేదిక మీద వాయించేవాళ్లు సాఫ్ట్‌వేర్ ఎంపికను ఈ కోణంలోంచి మొదలుపెట్టడమే సరి.

గమకం వాయించేవారికి

ఎలక్ట్రిక్ వాద్యం మీద కర్ణాటక సంగీతం తెలుగువాళ్లకు కొత్త కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ దాన్ని ప్రపంచం మొత్తానికి వినిపించారు. అన్నమయ్య కీర్తనలు నేర్చి గిటార్ మీద పలికించాలనుకునేవారికి కావలసినవి రాక్ సంగీతపు ప్రీసెట్లకు దాదాపు ఎదురు. నాయిస్ గేట్ శబ్దం ఒక మట్టానికి తగ్గగానే కోసేస్తుంది, గమకం చివరి తోక సరిగ్గా ఆ మట్టంలోనే ఉంటుంది. గేట్ పూర్తిగా ఆపేసి, హమ్‌ను మొదట్లోనే సరిచేసుకోవడం మేలు. స్వరం ఎక్కువసేపు నిలవడానికి డిస్టార్షన్ బదులు నెమ్మదిగా పట్టే కంప్రెసర్ (శబ్దపు హెచ్చుతగ్గులను సర్దే ఎఫెక్ట్), తక్కువ గెయిన్ ఉన్న క్లీన్ యాంపు చాలు.

శ్రుతి విషయంలో ఒక జాగ్రత్త. డిస్టార్షన్ రెండు స్వరాలను కలిపి వాటి మొత్తాన్నీ తేడానూ కొత్త స్వరాలుగా పుట్టిస్తుంది. షడ్జమ పంచమాలు నిలకడగా ఉంటే అవి సర్దుకుంటాయి. ఒక తీగ మీద గమకం జారుతుంటే, పక్క తీగ శ్రుతి మోగుతుంటే, ఆ తేడా స్వరం కూడా జారుతూ బురదలా తయారవుతుంది. తంబూర యాప్‌ను యాంపు ప్లగిన్ ఉన్న ట్రాక్‌లో కాకుండా విడి ట్రాక్‌లో పెట్టాలి.

ధర, లైసెన్స్

ఇక్కడ చెప్పుకోవాల్సింది తక్కువ. నామ్ పూర్తిగా ఉచితం, విడి ప్రోగ్రాముగా కూడా నడుస్తుంది, డిలే, రివర్బ్ మాత్రం అందులో ఉండవు. గిటార్ రిగ్ ప్లేయర్, యాంప్లిట్యూబ్ ఉచిత వెర్షన్లు పరిమితమైన సరంజామాతో వస్తాయి. లైనక్స్‌కు గిటారిక్స్, యాపిల్ పరికరాలకు గ్యారేజ్‌బ్యాండ్ ఉన్నాయి. ప్లగిన్ నడపడానికి హోస్ట్ (రికార్డింగ్ ప్రోగ్రాము) కావాలంటే రీపర్‌కు 60 రోజుల ట్రయల్, తర్వాత వ్యక్తిగత వాడకానికి 60 డాలర్లు.

కొనేటప్పుడు డాలర్ ధర మీద 18 శాతం జీఎస్‌టీ, బ్యాంకు మారకపు రుసుము కలిసే అవకాశముంది. 2020 ఆర్‌బీఐ నిబంధనల తర్వాత వచ్చిన కార్డుల్లో విదేశీ ఆన్‌లైన్ చెల్లింపును విడిగా ఆన్ చేసుకోవాలి. నవంబర్ చివర బ్లాక్ ఫ్రైడే రోజుల్లో ఈ ప్లగిన్లకు పెద్ద తగ్గింపులు మామూలే, కాబట్టి సెప్టెంబర్‌లో పూర్తి ధర పెట్టడం తొందరపాటు. కొన్ని కంపెనీలు ఐలాక్ అనే లైసెన్స్ సరిచూసే సేవలో ఖాతా అడుగుతాయి. ఒక్క లైసెన్స్‌తో ఎన్ని కంప్యూటర్లలో నడపవచ్చో ముందే చదువుకోవాలి. క్రాక్ చేసిన కాపీల సంగతికొస్తే, సరిపడా నాణ్యత ఉచితంగానే దొరుకుతున్నప్పుడు వైరస్‌ను ఇంటికి పిలవడానికి కారణం కనిపించదు.

పోల్చి చూసే పద్ధతి

రెండు సాఫ్ట్‌వేర్లను రెండు వేర్వేరు రోజుల్లో వాయించి పోలిస్తే తేలేది ఏమీ ఉండదు. చెయ్యి మారుతుంది, తీగలు పాతబడతాయి, చెవి అలసిపోతుంది. ఏ యాంపూ లేకుండా గిటార్ పచ్చి సిగ్నల్‌ను ఒకసారి రికార్డు చేసుకోవాలి. అందులో నిండు కార్డ్‌లు కొన్ని, పై ఫ్రెట్లలో బెండ్‌లు కొన్ని, మెల్లగా మొదలై గట్టిపడే వాయింపు, వాల్యూమ్ నాబ్ తగ్గించి వాయించిన భాగం ఉండాలి. ఇన్‌పుట్ ఎర్రలైటు తాకకుండా, శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ ప్రాంతంలో ఉండేలా చూసుకోవాలి. అదే రికార్డింగ్‌ను ప్రతి సాఫ్ట్‌వేర్‌లోంచి, అన్నింటికీ ఒకే ఐఆర్ పెట్టి పంపాలి. శబ్దం స్థాయి సమానం చేయకపోతే కాస్త గట్టిగా వినిపించేదే మంచిదనిపిస్తుంది, చెవికి ఆ బలహీనత ఉంది.

వేలి కింద ఎలా స్పందిస్తోంది అన్నది మాత్రం రికార్డింగ్‌లో తెలియదు. దానికి వాయించి చూడాల్సిందే, ట్రయల్ ఉన్నది అందుకే. న్యూరల్ డీఎస్‌పీ ట్రయల్ 14 రోజులు ఇస్తుంది. డౌన్‌లోడ్ చేసిన రోజు నుంచే గడియారం నడుస్తుందనుకుని, ఇంటర్‌ఫేస్ వచ్చి, డ్రైవర్ కుదిరి, పచ్చి రికార్డింగ్ చేతిలో ఉన్నాకే ఆ బటన్ నొక్కడం లాభం.